ముప్పై

మా ఆఫీసు కింద ఇనుప సామాన్ల కొట్టు.
మేకులు తూచే చప్పుడు మెట్లెక్కి వచ్చేది.
పైన హార్లన్ ట్వెయిట్, వకీలు.
పక్క గదిలో నేను, నా టైపు మిషను,
మధ్యలో ఏనాడూ సరిగ్గా పడని తలుపు.

కెల్సీ ఫోర్క్‌లో ఆరువందల గడప.
అందరి వీలునామాలూ నా వేళ్ళకు తెలుసు.
ఎవరు ఏ కొడుక్కి ట్రాక్టరు రాశారో,
రాసి, కొట్టేయించి, మళ్ళీ రాయించారో,
చర్చిలో వాళ్ళ పక్కనే కూర్చుని
పెదవి విప్పలేదు.
ఫీజు కింద గుడ్లొచ్చేవి, సగం పంది వచ్చేది.
ఒకసారి ఎవరిదో చచ్చిపోయినాయన చలికోటు వచ్చింది.
చేతులు పొడుగైనా
పదేళ్ళు దాన్నే తొడిగాడు.

కంచె తగాదా అంటూ వచ్చినవాళ్ళకి
ముందు కాఫీ, తర్వాత ఒకటే మాట:
"ఓడినవాడు కోర్టులో ఏడుస్తాడు,
గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడు.
మీరెక్కడ ఏడుస్తారో తేల్చుకుని రండి."
సగం మంది మెట్లు దిగి వెళ్ళిపోయేవారు.
ఆ సగం మందే ఆయనకు ఓట్లేశారు.

నార్త్ డకోటా శాసనసభ రెండేళ్ళకోసారి,
జనవరి మంచులో మొదలై
మంచు కరిగేలోపు ముగుస్తుంది.
బిస్మార్క్‌కి నూట నలభై మైళ్ళు.
వెనక సీట్లో పార, ఇసుక మూట, దుప్పటి.
ముందు సీట్లో నేను టైపు చేసిన కాగితాలు.
రాజధాని నుంచి ఫోను చేసి అడిగేవాడు:
"వెర్నా, మెట్ల మీద మంచు ఎవరు తీస్తున్నారు?"
నేనే.

మూడోసారి గెలిచిన ఏడు
పన్ను బాకీ భూముల వేలం మీద ఒక బిల్లు.
అభ్యంతరం చెప్పుకోడానికి అరవై రోజులన్నది పాత లెక్క.
కౌంటీలకు తొందర. కమిటీకి తొందర.
ఆయనకేమో మా వాగు మీద వంతెన కావాలి.
ఒకటిచ్చి ఒకటి పుచ్చుకోవడం.
శనివారం ఇంటికొచ్చి, కోటైనా విప్పకుండా,
"నాలుగో పేరాలో అరవై తీసి ముప్పై పెట్టు" అన్నాడు.
ఆరు చెరిపి మూడు కొట్టాను.
సున్నా అలాగే ఉంది.
రబ్బరు పొట్టు ఊదేశాను.

రెండు శిశిరాల తర్వాత
ఒటీలియా షాఫ్నర్ వచ్చింది, చేతిలో చెప్పుల పెట్టె.
పెట్టె నిండా విప్పని ఉత్తరాలు.
ఇంట్లో జర్మన్ తప్ప తెలీదు,
చదివిపెట్టే అల్లుడు కోతలయ్యాక గానీ రాలేదు.
హార్లన్ క్యాలెండరు మీద వేలుపెట్టి లెక్కపెట్టాడు.
మళ్ళీ లెక్కపెట్టాడు.
ముప్పైనాలుగో రోజు.

ఆకుపచ్చ అట్ట పుస్తకం తీశాడు.
పేజీల చప్పుడు ఒకచోట ఆగింది.
చట్టం ఎవరికీ చుట్టం కాదంటారు.
ఇది చుట్టమే,
మా ఆఫీసులోనే పుట్టింది.

"ఇది రాసినాయన ఎక్కడుంటాడు?
వెళ్ళి చెప్పుకుంటే వింటాడా?" అంది ఒటీలియా.
"వింటాడు," అన్నాడు హార్లన్.
చాలాసేపటికి,
"విని ఏమీ చెయ్యలేడు."

ఆమె పెట్టెకి మూత పెట్టుకుంది.
సలహా చెప్పినందుకని
బల్ల మీద రేగుపండ్ల జాము సీసా పెట్టి వెళ్ళింది.
నేను టైపు చేస్తున్నట్టు నటించాను,
మిషనులో కాగితం లేదు.

తర్వాతి సభలో ముప్పైని అరవై చేయబోయి ఓడాడు.
ఆ తర్వాతి సభలోనూ.
మూడోసారి నాలుగు ఓట్లతో నెగ్గాడు.
అప్పటికి ఒటీలియా నేలలో
వేరెవరివో పొద్దుతిరుగుళ్ళు.
ఆమె బేకరీ మీది గదిలో ఉండేది,
వీధిలో ఎదురైతే తలూపేది.
తిట్టినా బాగుండేదనుకుంటాను, ఆయనకి.

ఆయన పోయాక వంతెనకి ఆయన పేరు పెట్టారు.
ఉపన్యాసాల్లో అందరూ వంతెన గురించే చెప్పారు.

ఆఫీసు ఖాళీ చేస్తుంటే
బీరువా అడుగున జాము సీసా, మూత తియ్యలేదు.
దాని కింద మడతపెట్టిన కాగితం.
కిటికీకి ఎత్తి పట్టి చూశాను.
మూడు వెనక ఆరు
ఇంకా కనిపిస్తోంది.
నా రబ్బరు ఎప్పుడూ
అంత మంచిది కాదు.